బీఫ్ నుంచి సర్లాయిన్ దాకా: ఇంగ్లీషు మాంసం మాటల మూలాలను వెతికే పద్ధతి

ఇంగ్లీషులో పశువుకు ఒక పేరు, దాని మాంసానికి మరొక పేరు ఎందుకున్నాయో తెలుసుకోదలచినవారు ముందుగా రెండు వరుసలు రాసుకోవాలి. కౌ, కాఫ్, షీప్, స్వైన్ అనే పేర్లు ఒక వరుసలో, వాటికి ఎదురుగా బీఫ్, వీల్, మటన్, పోర్క్ అనేవి రెండో వరుసలో ఉండాలి. మొదటివన్నీ పాత ఇంగ్లీషు మాటలు, రెండోవన్నీ ఫ్రెంచి నుంచి వచ్చినవి. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రభువు విలియం హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి ఇంగ్లండు సింహాసనం ఎక్కిన తరువాత, కొన్ని తరాలపాటు ఆస్థానంలోనూ ప్రభువుల ఇళ్లలోనూ ఫ్రెంచే నడిచింది. మేపినవాడు ఇంగ్లీషువాడు, తిన్నవాడు ఫ్రెంచివాడు కనుక పేర్లు ఇలా విడిపోయాయన్న వివరణకు వాల్టర్ స్కాట్ రాసిన ‘ఐవన్‌హో’ నవల ఎక్కువ ప్రచారం తెచ్చింది.

వివరణ ఎంత చక్కగా కుదిరినా, దాన్ని పాత రాతలతో పోల్చి చూడనిదే ఒప్పుకోకూడదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో సంఖ్యాకాండం 31వ అధ్యాయం తెరిస్తే, యుద్ధంలో పట్టుకొచ్చిన పశువుల లెక్కలో 72,000 ‘బీవ్స్’ కనిపిస్తాయి. బీఫ్‌కు అది బహువచనం, అక్కడ లెక్కపెట్టినవి ప్రాణమున్న పశువులు. అంటే విలియం వచ్చిన ఐదు వందల ఏళ్లు దాటాక కూడా ఆ మాట పశువుకూ చెల్లింది. ఫ్రెంచిలో దాని మూలరూపం నేటికీ ఎద్దుకూ దాని మాంసానికీ ఒక్కటే. కాబట్టి మాటలు నార్మన్ల వెంట వచ్చిన మాట నిజమే గాని, పశువుకొకటి, పళ్లేనికొకటి అన్న కచ్చితమైన విభజన మాత్రం నెమ్మదిగా స్థిరపడింది. చికెన్, లాంబ్, ఫిష్ అనే పాత ఇంగ్లీషు మాటలు అసలు ఈ విభజనకే లొంగలేదు.

తరువాత చూడవలసినది అర్థం మారిన తీరు. ‘మీట్’ అంటే మొదట ఏ ఆహారమైనా సరే. మిఠాయిని ‘స్వీట్‌మీట్’ అనడంలో ఆ పాత అర్థమే మిగిలింది. ‘డీర్’ ఒకప్పుడు ఏ జంతువుకైనా పేరు. జింక మాంసానికి వాడే ‘వెనిసన్’ వేట అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది. మన కోస్తాలో మటన్‌ను వేట మాంసం అనడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. మటన్ అన్న మాట కూడా ఇంగ్లండులో గొర్రె మాంసానికే పరిమితమైతే, మన దగ్గర మేక మాంసానికీ అదే పేరు.

ముక్కల పేర్ల దగ్గర శబ్దాన్ని నమ్మితే దారి తప్పుతాము. ‘కట్లెట్’కు కోయడమనే ‘కట్’తో పుట్టుకలో సంబంధం లేదు, అది చిన్న పక్కటెముక అనే అర్థమున్న ఫ్రెంచి మాట. ‘హామ్’ మొదట మోకాలి వెనుక మడత పేరు, అక్కడి నుంచి తొడ మాంసానికి చేరింది. ‘స్టేక్’ స్కాండినేవియా వారి పాత నార్స్ భాషది, చువ్వకు గుచ్చి కాల్చడమనే క్రియకు దగ్గరిది. ‘ఫిలే’ అంటే చిన్న దారం.

‘సర్లాయిన్’ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒక రాజు ఆ నడుము ముక్క రుచికి మెచ్చి, కత్తి తాకించి దానికి ‘సర్’ బిరుదు ఇచ్చాడని కథ. ఆ రాజు ఎనిమిదో హెన్రీ అని కొందరు, మొదటి జేమ్స్ అని కొందరు, రెండో చార్లెస్ అని ఇంకొందరు చెబుతారు. ఒకే కథ ముగ్గురు రాజుల పేర్ల మీద నడుస్తుంటే అక్కడే అనుమానించాలి. ఆపై తేదీలు చూడాలి: ఈ మాట 16వ శతాబ్దానికే వాడుకలో ఉంది, జేమ్స్ ఇంగ్లండుకు రాజైనది 1603లో, చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగి వచ్చి రాజైనది 1660లో. హెన్రీ మిగిలినా, ఫ్రెంచిలో ‘సుర్’ అంటే పైన, ‘లోంజ్’ అంటే నడుము. నడుముకు పైభాగం అన్నది సూటి అర్థం. ‘సుర్’ కాస్తా ‘సర్’ బిరుదులా రాయబడడానికి మాత్రం ఆ కథ తోడ్పడింది.

ఈ పనికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ మొదటి ఆధారం, ఎందుకంటే అది ప్రతి అర్థానికీ పాత ప్రయోగాలను సంవత్సరాలతో సహా చూపుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం వారి మధ్యకాలపు ఇంగ్లీషు నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నిఘంటువు ‘బహుశా’ అన్నచోట మన రాతలోనూ ఆ మాటను ఉంచాలి. ఛాతీ ముక్క అయిన ‘బ్రిస్కెట్’, మృదులాస్థికి పాత నార్స్‌లో ఉన్న మాట నుంచి బహుశా వచ్చి ఉండవచ్చు.