జ్ఞాపకాల బొంత – రెండో పాఠం: కత్తెర పట్టే ముందు

పోయిన పాఠంలో ఇంట్లోవాళ్ల పాత బట్టలు ఒకచోట చేర్చి, ఏది ఎవరిదో, ఎప్పటిదో చీటీ రాసి గుచ్చమన్నాను. ఆ చీటీలు అప్పుడే పారేయకండి, చివర్లో పనుంది. ఈ పాఠంలో ఆ బట్టల్లోంచి ముక్కలు కత్తిరిస్తాం. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కత్తెరతో ఆ వీలు లేదు, కాబట్టి దీన్ని ఒక్కరోజులో ముగించాలని చూడకండి.

మొదట ఉతకాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఉతికితే ఆ మనిషి వాసన పోతుందని భయం. నేనూ అలాగే ఒక చీరని చాలా రోజులు దాచుకున్నాను. కానీ చెమట, నూనె మరకలు ఉండిపోతే గుడ్డ మెల్లగా చివికిపోతుంది, పురుగూ పడుతుంది. మనసు ఒప్పుకోకపోతే ఆ బట్టని బొంతలో వాడొద్దు, అలాగే దాచుకోండి. మిగతావి ఉతికి ఆరేయండి. ముదురు రంగువైతే ముందు ఒక మూల తడిపి, దాని మీద తెల్లగుడ్డ పెట్టి గట్టిగా నొక్కి చూడండి. రంగు అంటితే నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా జాడించాలి. అప్పటికీ వదులుతూనే ఉంటే దాన్ని పక్కన పెట్టడమే మంచిది. పూర్తయిన బొంతని మొదటిసారి ఉతికినప్పుడు ఆ రంగు పక్క ముక్కలన్నిటికీ పట్టేస్తుంది.

ఆరాక ఒక్కో గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, రెండు చేతులతో కాస్త లాగండి. పోగులు విడిపోతున్నట్టుంటే దానికి వెనక ఆసరా కావాలి. పలచబడిన నూలు గుడ్డకి పలచటి మెత్తని నూలు అస్తరు పెట్టి, అంచుల చుట్టూ కచ్చా కుట్టు వేస్తే చాలు. టీషర్టులాంటి సాగే బట్టకైతే వెనకవైపు ఇస్త్రీతో అంటించే ఫ్యూజింగ్ (ఒకవైపు జిగురున్న పలచటి గుడ్డ) వేయాలి, అదీ కత్తిరించక ముందే. లేకపోతే చదరంగా కోసిన ముక్క కుట్టేసరికి వంకర పోతుంది. పట్టు, పాలిస్టర్ మీద తక్కువ వేడితో, ముందు ఏదైనా మూలలో పరీక్షించి చూడండి. టీషర్టు మీద అచ్చు బొమ్మ ఉంటే దానిమీద నేరుగా ఇస్త్రీపెట్టె పెట్టొద్దు.

ఇక కొలత. కుట్టాక ముక్క 6 అంగుళాల చదరం కావాలి. నాలుగు వైపులా కుట్టులోకి పావు అంగుళం చొప్పున పోతుంది కాబట్టి ఆరున్నర అంగుళాలు కత్తిరించాలి. వరుసకి 8 ముక్కలు, మొత్తం 10 వరుసలు, అంటే 80 ముక్కలు. బొంత 48 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు వస్తుంది. ఒక్కో ముక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా, వరుస చివరికి పూర్తి అంగుళం తేడా తేలుతుంది. అందుకే కంటి కొలత పనికిరాదు.

దళసరి అట్టని ఆరున్నర అంగుళాల చదరంగా కోసి, దాని మధ్యలో 6 అంగుళాల చదరాన్ని తీసేయండి. కిటికీలా తయారవుతుంది. దాన్ని బట్ట మీద అటూ ఇటూ జరుపుతూ చూస్తే, బొంతలో ఏది కనిపిస్తుందో సరిగ్గా అదే కిటికీలో కనిపిస్తుంది. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన ఘట్టం ఇదే.

మా తాతయ్య చొక్కా విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. జేబు అడుగున సిరా మరక ఉండేది. అది కనపడకూడదని ఆ భాగం వదిలేసి, వీపు వైపు శుభ్రమైన గుడ్డ కోశాను. బొంత పూర్తయ్యాక అమ్మ దాన్ని తడిమి చూసి, “నాన్న చొక్కా ఏదే?” అంది. వేలుపెట్టి చూపించినా గుర్తుపట్టలేదు. ఆ తెల్లగుడ్డ ఎవరి చొక్కాదైనా కావచ్చు. ఆ సిరా జేబు మాత్రం ఆయన ఒక్కడిదే.

కాబట్టి కిటికీని ముందు జేబు మీద, రఫూ చేసిన చోట, కొంగు అంచు మీద, మోకాలి దగ్గర వెలిసిన రంగు మీద పెట్టి చూడండి. చిరుగు ఉంటే దాని వెనక అతుకు వేసి అలాగే ఉంచండి. జేబు ముక్క మధ్యలోకి రావాలి, అంచుకి వస్తే పొరలు మందమై సూది దిగదు. గుండీ కూడా అంచుకి అంగుళం దూరంలో ఉండాలి. చంటిపిల్లలకి కుట్టే బొంతైతే గుండీలన్నీ తీసేయండి, ఊడితే నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. గుచ్చుకునే జరీని అంచు వరుసలకి కేటాయించండి.

చోటు తేలాక అట్ట అంచుల్ని పడుగు పోగుల (గుడ్డ పొడవునా నడిచే దారాల) వెంబడి నిటారుగా సర్దాలి. ఐమూలగా కోసిన గుడ్డ సాగుతుంది. పెన్సిల్‌తో అట్ట వెలుపలి అంచు చుట్టూ గీసి, గీత మీదుగా కత్తిరించండి.

ముందు ఒక్కొక్కరి బట్టల్లోంచి రెండేసి ముక్కలే కోయండి. మిగతా బట్ట దాచండి, నేల మీద పరిచి చూశాక ఏ రంగు తగ్గిందో తెలుస్తుంది. ఆ పరచడం, వరుసలు కలపడం వచ్చే పాఠంలో. అప్పటికల్లా చీటీల్లో ఉన్న పేర్లని ప్రతి ముక్క వెనకా పెన్సిల్‌తో రాసి ఉంచండి.