కొలరాడో కొండల్లో ఆర్‌వీ: దారిలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

అమెరికాలోని డెన్వర్‌లో ఆర్‌వీ (లోపలే పడక, వంటగది ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని పిల్లలతో కొండల్లోకి వెళ్లే మనవాళ్లు చాలామందే ఉన్నారు. మామూలు కారు లైసెన్సుతోనే 30 అడుగుల బండి చేతికిస్తారు. అందుకే దీన్ని కూడా కారులాగే నడిపేయొచ్చనిపిస్తుంది. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

సమస్య: ఫోన్ చూపిన దారిలో వెళ్తే “పెద్ద బండ్లకు ప్రవేశం లేదు” అనే బోర్డు ఎదురైంది

కారణం: మామూలు మ్యాప్ యాప్‌కి మీ బండి పొడవు తెలియదు. డెన్వర్ నుంచి ఆస్పెన్ పట్టణానికి ఇండిపెండెన్స్ పాస్ అనే కనుమ మీదుగా మైళ్లు తక్కువ. కానీ 12,095 అడుగుల ఎత్తున్న ఆ ఇరుకు దారిలో 35 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. వెనక కారు కట్టుకుంటే దాని పొడవూ లెక్కలోకి వస్తుంది. చలికాలంలో దారి మొత్తం మూసేస్తారు.

పరిష్కారం: ఐ-70 హైవే మీద గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ దాకా వెళ్లి, అక్కడి నుంచి 82వ నంబరు రోడ్డు పట్టుకోండి. పైకప్పు మీది ఏసీతో కలిపి ఎత్తు, మొత్తం పొడవు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. బండి కొలతలు అడిగి దారి చెప్పే ఆర్‌వీ జీపీఎస్ వాడండి.

సమస్య: ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు, ఇంజిన్ వేడెక్కుతోంది

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. కుడి లేన్‌లో, తక్కువ గేర్‌లో నిదానంగా ఎక్కండి. ఏసీ ఆపేయండి. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఇంకా పైకి పోతుంటే బండి పక్కకు తీసి ఆపండి.

సమస్య: దిగేటప్పుడు కాలిన వాసన, బ్రేక్ మెత్తబడింది

నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి సిల్వర్‌థోర్న్ వైపు దిగే వాలు 7 శాతం దాకా ఉంటుంది. టన్నుల బరువును బ్రేకు ఒక్కదానితోనే ఆపుతూ పోతే అది కాగిపోయి పట్టు వదిలేస్తుంది.

దిగుడు మొదలవకముందే వేగం తగ్గించి, తక్కువ గేర్‌లోకి మార్చండి. టో మోడ్ (బరువు లాగేటప్పుడు తక్కువ గేర్‌లో ఉంచే బటన్) ఉంటే వేయండి. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, కంగారుపడొద్దు. బండిని పట్టి ఉంచుతున్నది ఆ ఇంజినే. వేగం పెరిగినప్పుడు బ్రేక్ గట్టిగా నొక్కి, తగ్గాక పూర్తిగా వదిలేయండి. కాలు దాని మీదే ఆనించి ఉంచొద్దు. వాసన వస్తే ఆగి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయొద్దు. పెడల్ మెత్తగానే ఉండిపోతే అక్కడి నుంచి కదలొద్దు, సాయం పిలిపించండి. బ్రేకు పూర్తిగా పోతే, లారీల కోసం కట్టిన కంకర ర్యాంప్ ఎక్కించేయండి. బండి పాడైనా మనుషులు మిగులుతారు.

సమస్య: రోడ్డు అంచున రెయిలింగ్ లేదు, పక్కనే లోయ, చేతులు వణుకుతున్నాయి

ఊరే (Ouray), సిల్వర్టన్ అనే పట్టణాల మధ్య యూఎస్ 550 హైవే చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. ఊరే నుంచి దక్షిణంగా వెళ్తే లోయ మీ వైపే. ఆర్‌వీలకు నిషేధం లేదు, అయినా కొత్తవాళ్లు వెళ్లకపోవడమే మంచిదంటాను. డురాంగో వైపు వెళ్లాలంటే రిడ్జ్‌వే దగ్గర 62వ నంబరు రోడ్డు, ఆ తర్వాత 145వ నంబరు రోడ్డు పట్టుకుని లిజార్డ్ హెడ్ పాస్ మీదుగా కోర్టెజ్ చేరి, డురాంగోకి వెళ్లండి. గంటకు పైగా ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. సిల్వర్టన్ చూడాలని ఉంటే ఆర్‌వీని డురాంగోలోనే వదిలి, 1882 నుంచి నడుస్తున్న నేరోగేజ్ రైలెక్కండి. అప్పుడు డ్రైవ్ చేసేవారు కూడా కిటికీ దగ్గర కూర్చుని ఆ లోయల్ని చూడొచ్చు.