రద్దీ వేళ ఇంటర్నెట్ ఎక్కడ ఆగుతోందో కనుక్కోవడం

నల్లగొండలోని మా ఇంట్లో రాత్రి ఎనిమిది దాటాక ఒకరు సినిమా చూస్తుంటారు, ఫోన్లు పెళ్లి వీడియోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటాయి, సరిగ్గా అప్పుడే ఆన్‌లైన్ క్లాసులో మాట తెగిపోతుంది. స్పీడ్ టెస్టులో 100 ఎంబీపీఎస్ కనబడినంత మాత్రాన అంతా బాగుందనుకోకూడదు. వేగం వేరు, ప్యాకెట్ (డేటాలో ఒక చిన్న ముక్క) వెళ్లి రావడానికి పట్టే సమయం వేరు.

ముందుగా కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, రౌటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో 192.168.1.1) పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కొలిచే ఆదేశం) పంపండి. ఒకటి రెండు మిల్లీసెకన్లలో జవాబు రావాలి. కేబుల్‌పై బాగుండి వైఫైలో మాత్రమే పెరిగితే, రౌటర్ చోటు మార్చి, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారి చూడండి.

అసలు పరీక్ష తర్వాతిది. గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8కు పింగ్ నడుస్తుండగానే ఫోన్ నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ మొదలుపెట్టండి. మా ఇంట్లో 20 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉన్న అంకె చూస్తుండగానే 400 దాటింది, అప్‌లోడ్ ఆపగానే దిగివచ్చింది. పంపగలిగిన దానికన్నా ఎక్కువ ప్యాకెట్లు రౌటర్‌లోనో మోడెమ్‌లోనో పోగుపడి, చిన్న ప్యాకెట్లు కూడా ఆ వరుస వెనకే నిలబడవలసి రావడమే ఇందుకు కారణం. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల వరుస పెరిగిపోకుండా చూసే) సదుపాయం ఉంటే, కొలిచిన వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టి మళ్లీ కొలవండి.

ఎవరూ వాడనప్పుడూ ఆ అంకె ఎక్కువగానే ఉంటే, సమయాలతో సహా రాసి ఆపరేటర్‌కు చూపండి.