అర్ధరాత్రి సూర్యుడి ఊరికి ఓడలో: బ్రాడీపేట నుంచి బయల్దేరేవాళ్ళకి

"పన్నెండు రాత్రులు ఓడలో ఏం చేశారండీ, బోర్ కొట్టలేదా?" తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా గుంటూరు బ్రాడీపేటలో ఇదే ప్రశ్న. ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్‌కి వచ్చేవాళ్ళయితే "మేమూ వెళ్దామనుకుంటున్నాం, కాస్త ఎలాగో చెప్పండి మేడమ్" అని పక్కన నడుస్తున్నారు. ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన నోరు నాది. మొదలుపెడితే నాలుగు రౌండ్లయినా ఆగదు. అందుకే రాసి పెడుతున్నాను.

మేం వెళ్ళింది జూలైలో. హాంబర్గ్‌లో ఓడెక్కి, నార్వే తీరం వెంట పైపైకి పోయి, హోనింగ్స్‌వోగ్ అనే ఊరు చూసి, మళ్ళీ హాంబర్గ్‌లోనే దిగాం. అమ్మాయీ అల్లుడూ అక్కడే ఉంటారు. మా నలభయ్యో పెళ్ళిరోజుకి వాళ్ళే టికెట్లు తీశారు, అదీ ఖరీదైన ఓడలో. అంతకుముందు మేమిద్దరం ఎక్కిన పెద్ద పడవంటే భవానీ ద్వీపం బోటే.

ముందు వీసా సంగతి. జర్మనీ, నార్వే రెండూ షెంగెన్‌లోవే (ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల కూటమి అది) కాబట్టి ఒక్క వీసా చాలు. కానీ మీ ఓడ మధ్యలో స్కాట్లండ్‌లో ఆగుతుందేమో చూసుకోండి. అది బ్రిటన్, దాని లెక్క వేరు. ఇంకా పైకి, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న స్వాల్‌బార్డ్ దాకా వెళ్ళే ఓడలున్నాయి. ఆ దీవులు నార్వేవే అయినా షెంగెన్ బయట. అక్కడినుంచి వెనక్కి వస్తే మళ్ళీ కొత్తగా షెంగెన్‌లోకి వచ్చినట్టే. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే ఇరుక్కుపోతారు, మల్టిపుల్ ఎంట్రీ అడగండి. వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అది తీసుకునేటప్పుడు ఓడలో వైద్యానికీ, సముద్రం మీంచి హెలికాప్టర్‌లో ఆస్పత్రికి చేర్చడానికీ పనికొస్తుందో లేదో ఆ కాగితాల్లో వెతికి చదవండి. మా వయసువాళ్ళకి ఇది ముఖ్యం. ఓడలో డాక్టరు ఉంటాడు, బిల్లు కూడా గట్టిగానే ఉంటుంది.

గది ఎంచుకోమంటే అందరూ పై అంతస్తు, ముందువైపు అంటారు, వ్యూ బాగుంటుందని. ఆర్టీసీ బస్సులో వెనక సీటుకీ మధ్య సీటుకీ తేడా తెలిసినవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. ఓడ కూడా అంతే. ముందూ వెనకా ఎక్కువ ఊగుతుంది, పైకి వెళ్ళేకొద్దీ ఆ ఊపు ఇంకా పెరుగుతుంది. నడిమధ్యలో, వీలైనంత కింది అంతస్తులో తీసుకోండి. అలా తీసుకున్నా రెండో రాత్రి నాకు కడుపులో తిప్పింది. అల్లం మురబ్బా ముక్క బుగ్గన పెట్టుకుని, బాల్కనీలో నిలబడి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతనే చూస్తూ ఉంటే సర్దుకుంది. డాక్టర్‌ని అడిగి మాత్రలు కూడా తెచ్చుకోండి, కానీ వాంతి వచ్చాక వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి.

సామాన్లలో వద్దన్నవి ముందు చెప్తాను. నెయ్యి సీసా వద్దు. పాల పదార్థాలూ మాంసం ఐరోపాలోకి రానివ్వరు. కరెంటు కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడలోకి రానివ్వరు. నేను పెరుగన్నం ఆశతో చిన్న రైస్ కుక్కర్ చీరల మధ్య దాచాను. ఎక్కేచోట స్కానింగ్‌లో దొరికిపోయింది. మందలించలేదు పాపం, చీటీ కట్టి పక్కన పెట్టారు, ఆఖరిరోజు తిరిగిచ్చారు. సీల్ వేసిన కందిపొడి, గోంగూర పచ్చడి ప్యాకెట్లని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో సీసాకెత్తినవి కాకుండా కొట్లో సీల్ వేసినవే తీసుకెళ్ళండి. నాలుగు అయస్కాంతం కొక్కేలు పెట్టుకోండి. గది గోడలు లోపల ఇనప రేకే, టోపీలూ కోట్లూ వాటికి తగిలించుకోవచ్చు.

బట్టల విషయంలో గుంటూరు ఒంటిని నమ్మకండి. మే నెలలో 44 డిగ్రీలు చూసి వెళ్తాం, అక్కడ జూలైలో పది డిగ్రీలుంటే వాళ్ళు ఎండ కాసిందంటారు. చలి సంగతి సరే, గాలి మాత్రం కోసేస్తుంది. లావుపాటి స్వెటర్ ఒక్కటి కంటే లోపల థర్మల్స్, దానిమీద ఉన్ని, ఆ పైన గాలీ వానా చొరబడని జాకెట్, ఇలా పొరలు పొరలుగా వేసుకోవాలి. పొరల మధ్య చిక్కిన గాలే వెచ్చదనం. మావారు బెజవాడ బీసెంట్ రోడ్డులో కొన్న మంకీ క్యాప్ చూసి అమ్మాయి నవ్వింది. ఓడ దిగాక దాన్నే అడిగి తీసుకుంది అల్లుడి కోసం.

ఎక్కినరోజు పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. బీపీ, షుగరు మాత్రలు, కళ్ళజోడు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి. ఓడ కదిలేముందు ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపించే డ్రిల్ ఉంటుంది. దానికి ఎగ్గొట్టడం కుదరదు. మీకిచ్చే కార్డే గది తాళం, గుర్తింపు, డబ్బూ కూడా. దిగినా ఎక్కినా దాన్నే గీకుతారు. టిప్పులు కొన్ని ఓడల్లో టికెట్టులోనే కలిసి ఉంటాయి, కొన్నింటిలో రోజూ మనిషికింత అని ఖాతాలో రాస్తారు. బుక్ చేసేటప్పుడే అడగండి.

ఫోను. రేవు దాటగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓడలో శాటిలైట్ మీద నడిచే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, మన ఫోను అమాయకంగా దాన్ని పట్టుకుంటుంది. మావారి ఫోను ఒక్క రాత్రి అలా పట్టుకుని ఏవో వీడియోలు దింపుకుంది. ఇంటికొచ్చాక బిల్లు పదకొండు వేల చిల్లర. మాట్లాడాలంటే ఓడ వైఫై చాలు.

ఇక తిండి. బుక్ చేసేటప్పుడే శాకాహారులమని రాయించాలి, ఎక్కిన రాత్రి మళ్ళీ హెడ్ వెయిటర్‌కి చెప్పాలి. రోజూ రాత్రి మర్నాటి మెనూ తెచ్చి చూపిస్తాడు, అందులో ఏం కావాలో ముందే చెప్తే వేరుగా చేస్తారు. మా హెడ్ వెయిటర్ గోవా అబ్బాయి. మూడోరోజు పప్పు అడిగాను. వచ్చింది, పసుప్పచ్చగా, పైన క్రీముతో చుట్టిన గీతతో, చెమ్చాడంత. "బాబూ, ఇది అలంకారానికి కాదు, అన్నంలోకి" అన్నాను. మర్నాడు వంటగది నుంచి వంటాయన్నే పిలుచుకొచ్చాడు. ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లి వరస చెప్పాను, చింతపండు దగ్గర మాత్రం ఆయన కాస్త కంగారుపడ్డాడు. ఐదోరోజు గిన్నె నిండా వచ్చింది. గుంటూరు పప్పు కాదు గానీ, పరాయి పప్పూ కాదు. నేను కందిపొడి ప్యాకెట్ చింపగానే ఆ అబ్బాయి చెయ్యి చాపాడు.

బఫే మీద పడకండి. మొదటి రెండు రోజులు అందరం పడతాం, మూడోరోజు లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతాం. డెక్ మీద నడక దారి ఉంటుంది, పొద్దున్నే వెళ్తే ఖాళీ. ఓడ ఎక్కడా ఆగకుండా సాగే రోజుల్లో ఉపన్యాసాలు, సంగీతం, పేకాట, లైబ్రరీ అన్నీ ఉన్నాయి. నేను ఎక్కువసేపు బాల్కనీలో కుర్చీ వేసుకుని కొండల మీంచి నీళ్ళు దూకడం చూస్తూ కూర్చున్నాను. దానికి బోర్ అనే మాట వాడాలనిపించలేదు. మాకొక బట్లర్‌ని కూడా ఇచ్చారు. అతనికి ఏం పని చెప్పాలో పన్నెండు రోజులూ తెలియలేదు. చివరికి ఒక నేత చీర ఉతకమని ఇచ్చాను. ఇస్త్రీ చేసి, రుమాలంత మడతపెట్టి, టిష్యూ కాగితం చుట్టి రిబ్బను కట్టి తెచ్చాడు. విప్పడానికి మనసొప్పలేదు. ఫార్మల్ నైట్‌కి సూట్లు కొనకండి, పట్టుచీర, పట్టుపంచె దర్జాగా చెల్లుతాయి.

అసలు వెళ్ళింది హోనింగ్స్‌వోగ్ కోసం. మూడువేల జనం కూడా లేని ఊరు, మాగెరోయా దీవి మీద. చెట్టన్నది కనబడదు, రాయీ నాచూ గడ్డీ. వేసవిలో సామీ అనే అక్కడి ఆదివాసుల రెయిన్‌డీర్లు ఇక్కడ మేస్తాయి, మన గేదెల్లాగే రోడ్డు మీద అడ్డంగా నిలబడి హారన్‌కి కదలవు. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఊరంతా తగలబెట్టింది. మిగిలింది 1885లో కట్టిన తెల్లటి చెక్క చర్చి ఒక్కటే, తిరిగొచ్చిన జనం ముందు అందులోనే తలదాచుకున్నారు. ఓడ దిగి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. చాలామంది బస్సు తొందరలో దాన్ని చూడకుండా పోతారు. మీరు చూడండి.

అక్కడికి 34 కిలోమీటర్ల దూరంలో నార్త్‌కేప్, సముద్రం మీంచి 307 మీటర్లు నిటారుగా లేచిన కొండ అంచు. బస్సులో ముప్పావుగంట. బయట టూర్ వాళ్ళు చవగ్గా తీసుకెళ్తారు. కానీ ఓడ వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ సొంత బస్సు ఆలస్యమైతే ఆగదు. తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరు చేరుకోవాలి. ఇలాంటి మారుమూల ఊళ్ళో ఆ బేరం వద్దు. ఓడెక్కాల్సిన టైము కార్డు వెనక రాసుకోండి, వాచీ ఓడ టైముకే పెట్టుకోండి. నార్వేలో చిన్న కాఫీకొట్టులో కూడా కార్డు నడుస్తుంది, క్రోనర్లు మార్చుకోనక్కర్లేదు.

టైము విషయంలో మావారిది వేరే సమస్య. మే మధ్య నుంచి జూలై చివరిదాకా అక్కడ పొద్దు గుంకదు. రోజూ సంధ్యావందనం చేసే మనిషి, "సాయంసంధ్య ఎప్పుడే?" అని అడిగారు. నా ఫిజిక్స్‌లో దానికి జవాబు లేదు. చివరికి గుంటూరు టైము ప్రకారం కానిచ్చారు. ఇక్కడ సాయంత్రం ఏడంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. పక్క బాల్కనీ దొరసాని టీ తాగుతూ రోజూ ఆసక్తిగా చూసేది.

మేం నార్త్‌కేప్ చేరేసరికి రాత్రి పదిన్నర, అంతా పొగమంచు. ప్రసిద్ధమైన ఆ ఇనప గ్లోబు, 1978 నాటిది, నాలుగడుగుల దూరంలో కూడా కనబడలేదు. అక్కడిది సముద్రపు మంచు, పది నిమిషాల్లో వస్తుంది, పోతుంది. నిరాశపడి బస్సులో కూర్చోకండి. అప్పటిదాకా అక్కడ సందర్శకుల కోసం కట్టిన హాలు కిందున్న సొరంగంలో తిరగండి. సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజు చూలాలాంగ్‌కార్న్ 1907లో ఇక్కడికి వచ్చాడు, ఆయన రాకకి గుర్తుగా చిన్న మ్యూజియం ఉంది. ఐరోపా ఉత్తరపు కొస ఇదేనని బోర్డులూ సర్టిఫికెట్లూ అమ్ముతారు గానీ, పక్కనున్న క్నివ్‌షెలోడెన్ అనే ముక్కు ఇంకొంచెం ఉత్తరాన ఉంది. టీచర్ని కదా, చెప్పకుండా ఉండలేను.

పదకొండున్నరకి మంచు తెర జరిగినట్టు జరిగింది. సూర్యుడు ఉత్తరాన ఉన్నాడు. అరవై నాలుగేళ్ళలో రాత్రిపూట సూర్యుణ్ణి చూడటం అదే మొదలు. ఎంత ఎత్తులో ఉంటాడో గుంటూరులోనే లెక్కకట్టుకుని వెళ్ళాను. అక్షాంశం 71 చిల్లర, ఆరోజు సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖకి ఎంత ఉత్తరాన ఉన్నాడో ఆ కోణం, 22 చిల్లర, రెండూ కలిపి 90 తీసేస్తే సుమారు మూడున్నర డిగ్రీలు. చెయ్యి చాపి రెండువేళ్ళు అడ్డంగా పెట్టి చూశాను. కింద వేలు సముద్రానికి ఆనింది, పై వేలి మీద సూర్యుడు కూర్చున్నాడు. గ్లవ్ తీసి పెట్టాను కాబట్టి వేళ్ళు కొంకర్లు పోయాయి, అయినా దించలేదు.

ఇంకో మాట. అందరూ సరిగ్గా పన్నెండుకి ఫొటో తీసుకుని బస్సుకేసి పరిగెడతారు. కానీ అక్కడి గడియారం ఆ ఊరి రేఖాంశానికి సరిపడేది కాదు, జూలైలో సూర్యుడు బాగా కిందికి దిగేది పన్నెండూ ఇరవై దాటాక. అప్పుడు గ్లోబు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. క్యూ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టాలంటే నల్ల కర్టెన్లు అంచులదాకా లాగండి. కళ్ళకి కట్టుకునే గుడ్డ ఉంటే ఇంకా మంచిది.

ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టేయమంటారు, తెల్లారేసరికి అవి రేవులో ఉంటాయి. మర్నాడు కట్టుకునే బట్టలు విడిగా తీసి మంచం మీద పెట్టుకోండి. మావారు చాలా పద్ధతిగా అన్నీ సర్ది, తాళం వేసి, పెట్టె బయటపెట్టి, పంచె కట్టుకుని పడుకున్నారు. పొద్దున్న చూస్తే గదిలో ఆ పంచె తప్ప ఇంకేం లేదు. పంచె, జాకెట్, మంకీ క్యాప్‌తోనే దిగారు. రేవులో అమ్మాయి ఎదురొచ్చి, "నాన్నా, ప్యాంటేదీ?" అంది.

"ముందే దిగిందమ్మా" అన్నారు.