బెట్టింగ్ యాప్‌ల గురించి పెట్టిన వీడియోను, రాసిన వ్యాసాన్ని తొలగిస్తే ఏం చేయాలి

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యం, అదృష్టం అన్న తేడా చూడకుండా నిషేధించింది. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆడినవారికి మాత్రం ఇందులో శిక్ష లేదు. నిషేధాన్ని ఉల్లంఘించే సమాచారాన్ని జనానికి కనబడకుండా నిలిపివేసే అధికారం కూడా ఈ చట్టంలో ఉంది. ఇబ్బంది ఇక్కడే వస్తుంది, ఎందుకంటే బెట్టింగ్‌ను ప్రోత్సహించే మాటకూ, బెట్టింగ్ గురించి చెప్పే మాటకూ ఉన్న గీతను ముందుగా గీసేది న్యాయమూర్తి కాదు, అధికారి.

అందుకే ప్రచురించే ముందే మీ రాతను ఆ అధికారి కళ్లతో ఒకసారి చదవండి. ప్రత్యక్షంగానే కాదు, పరోక్షంగా పురికొల్పినా ప్రచారమే అవుతుంది. అప్పుల పాలైన కుటుంబం గురించి చేసిన వీడియోలో యాప్ లోగో స్పష్టంగా కనబడుతూ, గెలిచిన మొత్తం చూపే స్క్రీన్‌షాట్ ఐదు సెకన్లు నిలిచి, కింద డిస్క్రిప్షన్‌లో పాత రిఫరల్ కోడ్ అలాగే మిగిలిపోతే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా సమర్థించుకోవడం కష్టం. 2025 మార్చిలో హైదరాబాద్‌లో యూట్యూబర్ల మీద, నటుల మీద కేసులు నమోదైంది ప్రచారం చేశారన్న ఆరోపణలతోనే. కాబట్టి లింకులు, కోడ్‌లు పూర్తిగా తీసేయండి. కంపెనీ నుంచి పైసా తీసుకోకండి.

అయితే నిషేధమే తప్పని వాదించడం ప్రచారం కాదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లో, అదీ సికింద్రాబాద్ క్లబ్బు మీద పెట్టిన కేసులోనే చెప్పింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. ఈ మార్పు సరైనదా కాదా అని రాసే హక్కు, వాక్‌స్వాతంత్ర్యాన్ని ఇచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చినదే. జూదానికి వ్యాపార స్వేచ్ఛ వర్తించదని 1957లోనే తేల్చిన సుప్రీంకోర్టు, జూదం గురించిన చర్చకు వాక్‌స్వాతంత్ర్యం వర్తించదని మాత్రం అనలేదు.

ఇక తొలగింపు జరిగితే, వెంటనే కోపంతో అదే వీడియోను మరో ఖాతాలో పెట్టవద్దు. అసలు ఫైలును, ప్రచురించిన తేదీని, యూట్యూబ్ వంటి వేదిక పంపిన మెయిల్‌ను భద్రపరచండి. ఆ మెయిల్‌ను జాగ్రత్తగా చదివితే, తొలగించింది వేదిక తన సొంత నిబంధనల కిందనా, ప్రభుత్వ ఆదేశం మీదనా అన్నది తెలుస్తుంది. మొదటిదైతే అప్పీలు ఆ సంస్థకే చేసుకోవాలి. రెండోదైతే ఏ సెక్షన్ కింద ఆదేశం వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. ఇంటర్నెట్‌లోని సమాచారాన్ని నిలిపివేయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చే ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ అయితే, ఆ నిలిపివేత పద్ధతిని చెప్పే 2009 నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం అత్యవసర సందర్భాల్లో తప్ప, ఆ సమాచారాన్ని పెట్టిన వ్యక్తికి గానీ దాన్ని ఉంచిన వేదికకు గానీ నోటీసిచ్చి, జవాబుకు కనీసం 48 గంటల గడువు ఇవ్వాలి. నోటీసు మీకే వస్తే, ఆ గడువులోగా మీ రాత ఎవరినీ ఆడమనడం లేదని వాక్యాలు చూపి జవాబివ్వండి.

ఆచరణలో నోటీసు వేదికకే వెళ్లి, మీకు ఆదేశం ప్రతి అందకపోవచ్చు. ఫిర్యాదులను, చర్యలను రహస్యంగా ఉంచాలనే, అదే నిబంధనల్లోని గోప్యత క్లాజు అధికారులకు అడ్డుగోడలా పనికొస్తోంది. నా దృష్టిలో ఈ చట్రంలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే: జూదం ప్రకటనను ఎందుకు ఆపారో బాహాటంగా చెప్పడంలో దాచాల్సిన రహస్యమేమీ లేదు. 2015లో సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఇచ్చిన తీర్పు 69ఏ సెక్షన్‌ను నిలబెడుతూనే, కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలన్న షరతు ఉన్నందువల్ల వాటిని రిట్ పిటిషన్‌లో, అంటే ప్రభుత్వ చర్య మీద నేరుగా పై కోర్టుకు చేసే విన్నపంలో, సవాలు చేయవచ్చని గుర్తుచేసింది. కాబట్టి జవాబు రాకపోతే న్యాయవాది ద్వారా 226 అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించి, ముందుగా ఆదేశం ప్రతిని ఇప్పించమనీ, ఆ తర్వాత దాన్ని రద్దు చేయమనీ కోరండి. వీడియో మొత్తాన్ని కాకుండా అభ్యంతరకరమైన భాగాన్ని మాత్రమే తొలగిస్తే సరిపోతుందన్న ప్రత్యామ్నాయ అభ్యర్థనను కూడా అదే పిటిషన్‌లో చేర్చండి.