మెర్క్యురీ కేజీ7హెచ్, మార్క్ 20హెచ్: పాత రేసు మోటారును గుర్తుపట్టి మళ్లీ నడిపించడం

కార్ల్ కీకాఫర్ 1939లో విస్కాన్సిన్‌లోని సీడర్‌బర్గ్‌లో పెట్టిన కంపెనీ నుంచి వచ్చినవే మెర్క్యురీ ఔట్‌బోర్డ్ మోటార్లు, అంటే పడవ వెనక తగిలించే ఇంజన్లు. 1950ల అమెరికా పడవ పందాల్లో బి క్లాసు అంటే 20 ఘనపు అంగుళాల లోపు ఇంజను. ఆ క్లాసులో కేజీ7హెచ్, దాని తర్వాత మార్క్ 20హెచ్ పేరు మోగింది. ఇప్పుడు అమ్మకానికి వచ్చేవాటిలో అసలైనవీ ఉంటాయి, చేపల వేటకు వాడిన ఇంజనుకు రేసు కాలు తగిలించినవీ ఉంటాయి. రెండోరకం చెడ్డ మోటారేమీ కాదు, కానీ దానికి అసలుదాని ధర పెట్టకూడదు. అందుకే పైనున్న పవర్‌హెడ్‌ను (ఇంజను భాగం), కిందనున్న లోయర్ యూనిట్‌ను (గేర్లు, ప్రొపెల్లర్ ఉండే కాలు) విడివిడిగా పరీక్షించాలి.

మోడల్ పేరు చివర హెచ్ అక్షరం ఉంటే అది పందెం మోటారు. సీరియల్ ప్లేటును ఊడదీసి మరో మోటారుకు బిగించడం చాలా తేలిక. ప్లేటు చుట్టూ రంగు పగిలిందా, రివిట్లు కొత్తవా అన్నది ముందు చూడండి. తర్వాత కాలు చూడండి. క్విక్‌సిల్వర్ అనే మెర్క్యురీ రేసు కాలుకు గేర్‌కేస్ (గేర్ల పెట్టె) సన్నగా, ముందువైపు తూటాలా కోసుగా ఉంటుంది. గేర్ల నిష్పత్తి 1:1, అంటే ఫ్లైవీల్ ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ కూడా ఒక చుట్టే. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఫ్లైవీల్ మీద, ప్రొపెల్లర్ మీద సుద్దగీత పెట్టి తిప్పితే ఇది అరనిమిషంలో తేలిపోతుంది. న్యూట్రల్, రివర్స్ ఉండవు. మార్క్ 20హెచ్‌కు బోరు (సిలిండరు వ్యాసం) 2 7/16 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 2 1/8 అంగుళాలు, రెండు సిలిండర్లకు కలిపి 19.8 ఘనపు అంగుళాలు (325 సీసీ). మామూలు కేజీ7 పరిమాణం కూడా దాదాపు ఇంతే కాబట్టి సీసీని బట్టి తేడా పట్టలేరు.

తెచ్చిన రోజే తాడు చుట్టి లాగకండి. తుప్పుపట్టిన రింగు పోర్టు (సిలిండరు గోడలోని రంధ్రం) అంచుకు తగిలి విరిగితే సిలిండరు గీసుకుపోతుంది. ప్లగ్గులు తీసి, అసిటోన్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమపాళ్లలో కలిపి ఒక్కో సిలిండరులో రెండు చెంచాలు పోసి, రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత ఫ్లైవీల్ నట్టుకు పానా పెట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపండి. ఈ ఇంజన్లలో హెడ్డు, సిలిండరు ఒకే పోతలో ఉంటాయి, హెడ్డు విడిగా ఊడదు. కాబట్టి ఇరుక్కున్న పిస్టన్‌ను పైనుంచి కొట్టి దింపే వీలు లేదు. పిస్టన్ పోర్టులన్నిటినీ మూసి ఉన్న చోట ఆగిపోతే, ప్లగ్గు రంధ్రంలోంచి గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కించి నెట్టవచ్చు. పోర్టు తెరిచి ఉంటే గ్రీజు అటే పోతుంది.

ఫ్లైవీల్ ఊడదీయడానికి పుల్లరే (లాగి తీసే పనిముట్టు) వాడాలి. క్రాంకు కొసను సుత్తితో కొడితే క్రాంకు వంగుతుంది.

ఇక అసలు పని క్రాంకుకేసులో ఉంది. రెండు భాగాలను సరిగ్గా కలిపి ఉంచే డోవెల్ పిన్నులు ముందు తీసి, తర్వాతే రెండు భాగాలను విడదీయండి. మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి తెరిస్తే ముఖాలు గీసుకుపోతాయి, అక్కడినుంచి గాలి పీలుస్తుంది. గాలి కలిస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, పిస్టన్ నెత్తి కాలి బొక్కపడుతుంది. చాలామంది దీన్ని కార్బొరేటర్ లోపం అనుకుని జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క) మారుస్తూ కూర్చుంటారు. ఏదైనా జెట్టు మార్చేముందు సీళ్లు, క్రాంకుకేసు అతుకు చూడాలన్నది మా గట్టి అభిప్రాయం.

కనెక్టింగ్ రాడ్ టోపీ తీయగానే రోలర్లు జారిపడతాయి. కింద గుడ్డ పరచి, లెక్కపెట్టి రాసుకుని, ఏ రాడ్డువి ఆ డబ్బాలోనే ఉంచండి. టోపీని తిరగేసి బిగించకూడదు, గుర్తులు కలవాలి. బిగించేటప్పుడు చిక్కటి గ్రీజు రోలర్లను పట్టి ఉంచుతుంది. రోలరు మీద చిన్న గుంట కనిపించినా సెట్టు మొత్తం మార్చండి. ఈ మోటారు పందెంలో నిమిషానికి 5,000 చుట్లు దాటి తిరుగుతుంది, ఆ వేగంలో ఒక్క రోలరు విరిగితే రాడ్డు క్రాంకుకేసును చీల్చుకుని బయటికొస్తుంది.

మధ్య మెయిన్ బేరింగులోనే రీడ్ వాల్వులు (మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చే పలుచటి రేకులు) ఉంటాయి. రీడు అంచు విరిగితే కార్బొరేటర్ మూతినుంచి పెట్రోలు తుంపర వెనక్కి చిమ్ముతుంది. వంగిన రీడును సరిచేసి వాడొద్దు. పిస్టన్ నెత్తిమీది గట్టుకు ఒకవైపు నిటారు, మరోవైపు ఏటవాలు ఉంటుంది. ఏటవాలు వైపు ఎగ్జాస్టుకు ఉండాలి. రింగు కొసల మధ్య సందు 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే సరి. కొసలు పిస్టన్ మీది రింగు గాడిలో ఉన్న చిన్న పిన్ను దగ్గరే కూర్చోవాలి. సిలిండరుకు పైకప్పు ఉంది కాబట్టి హోనింగు రాయి (లోపలి గోడను నునుపు చేసే రాయి) పైకి తగలకుండా ముందే ఆపుగుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత పోర్టు అంచులను గరుకు కాగితంతో కాస్త మొండి చేయండి. గాజుపూసల బ్లాస్టింగు క్రాంకుకేసు లోపలికి అసలే వద్దు. ఎంత కడిగినా నూనె దారుల్లో ఒకటో రెండో పూసలు మిగిలి, బేరింగులను తినేస్తాయి.

మాగ్నెటోలో (ప్లగ్గులకు కరెంటు పుట్టించే భాగం) కండెన్సరు పాతదైతే అనుమానం లేకుండా మార్చండి. కాయిల్ మైనం కారిందా, పొర పగిలిందా చూడండి. చల్లగా ఉన్నప్పుడు నిప్పురవ్వ ఇచ్చి వేడెక్కాక చచ్చిపోయే కాయిల్ ఎక్కువ తిప్పలు పెడుతుంది. పాయింట్ల సందు చాలా మోడళ్లకు 0.015 నుంచి 0.020 అంగుళాల మధ్య ఉంటుంది. మీ మాగ్నెటోకు ఎంత అన్నది సర్వీసు కాగితం చూసి పెట్టండి.

కార్బొరేటర్‌లో ఫ్లోటు (తేలియాడే ముక్క) బెండుతో చేసిందైతే ఇథనాల్ దానికి శత్రువు. దాని లక్క పూత ఆల్కహాల్‌లో కరిగి, బెండు పెట్రోలు పీల్చి మునిగిపోతుంది, ఇంజనులోకి పెట్రోలు ఎక్కువగా వెళ్లిపోతుంది. మన బంకుల్లో 20 శాతం, అమెరికాలో సాధారణంగా 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు దొరక్కపోతే బెండుకు సూపర్ గ్లూ పలుచగా రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వండి. మొదటి 10 లీటర్లకు పెట్రోలు, నూనె 16:1 పాళ్లు, అంటే 5 లీటర్లకు 312 మి.లీ. నూనె. ఆముదపు రేసు నూనె, మామూలు నూనె ఒకే ట్యాంకులో కలపకండి.

గేర్‌కేస్‌లో పాత నూనె పాలలా తెల్లబడి వస్తే సీలు పోయినట్టే. కొత్త నూనె కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి పొంగాక పైది ముందు బిగించండి.

ఇలాంటి రేసు కాళ్లలో రబ్బరు ఇంపెల్లర్ ఉండకపోవచ్చు. పడవ వేగం, ప్రొపెల్లర్ తోపు వల్లే నీరు పైకి ఎక్కుతుంది. స్టాండు మీద కొన్ని సెకన్లకు మించి నడపకండి, నడిపినా ప్రొపెల్లర్ బదులు టెస్టు వీలు (పరీక్షకు వాడే చక్రం) బిగించి నీళ్లతొట్టెలోనే. బరువు లేకుండా పూర్తి థ్రాటిల్ ఇస్తే రాడ్డు పోతుంది. న్యూట్రల్ లేదు కనుక ఇంజను అందుకున్న క్షణమే ప్రొపెల్లర్ తిరుగుతుంది, ఇంజను ఆపే స్విచ్ తాడు మణికట్టుకు కట్టుకోండి. పని అయ్యాక పెట్రోలు మూసి, ఇంజను ఆగేవరకు నడిపి కార్బొరేటర్ ఖాళీ చేయండి. ఆముదం వాడి ఉంటే, ఖాళీ అయ్యాక ప్లగ్గు రంధ్రాల్లో ఖనిజ నూనె పోసి ఫ్లైవీల్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పండి.