పాము కరిస్తే ఆస్పత్రికి చేరేలోపు ఏం చేయాలి: చెన్నైలో ఉండే మనవాళ్ళకు

అక్టోబరు చివర్లో వానలు పట్టుకున్నాయంటే వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచూరు వైపు కాలనీల్లో నీళ్ళతోపాటు పాములూ గడపదాకా వస్తాయి. వాటిలో నీరుకట్టెలు, జెర్రిపోతుల్లాంటి విషం లేనివే ఎక్కువ. అయినా కరిచింది ఏ పామో తేల్చే పని ఇంట్లోవాళ్ళు పెట్టుకోకూడదు. ప్రతి కాటూ విషపు కాటే అనుకుని బయల్దేరాలి. పామును చంపి సంచిలో వేసుకెళ్ళనక్కర్లేదు, తెగిన తల కూడా కాసేపటిదాకా కరవగలదు. దూరం నుంచి ఫోటో దొరికితే చాలు.

ముందు మనిషిని పాముకు దూరంగా జరిపి పడుకోబెట్టండి. నడవనివ్వద్దు. కండరాలు కదిలినకొద్దీ విషం త్వరగా ఒంట్లోకి ఎక్కుతుంది. లిఫ్టు లేని మూడో అంతస్తయినా సరే, కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకుని దింపాల్సిందే. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు ఆ క్షణమే తీసేయండి. కంగారులో చాలామంది మరిచిపోయేది ఇదే. వాపు ఎక్కాక మెట్టె ఊడిరాదు, వేలికి రక్తం అందదు. కాటు పడిన కాలికి పక్కన పొడవాటి చెక్కో, మందంగా చుట్టిన న్యూస్‌పేపరో ఆనించి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టే చున్నీతో కట్టండి. కట్టు కింద వేలు సులువుగా దూరాలి.

కాటుకు పైన తాడు బిగించడం మన పెద్దవాళ్ళు ఇప్పటికీ మానరు. పింజర విషం కండను తినేస్తుంది. తాడు కడితే ఆ విషమంతా ఒక్కచోటే నిలుస్తుంది, పైగా రక్తమూ ఆగుతుంది, చివరికి కాలే పోవచ్చు. ఎవరైనా ఇప్పటికే బిగించేసి ఉంటే దారిలో గభాలున విప్పకండి. విషం ఒక్కసారిగా పైకి ఎక్కవచ్చు కాబట్టి డాక్టరు ఎదుటే విప్పాలి. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇస్తే రక్తస్రావం పెరుగుతుంది.

108కి ఫోన్ చేసి తమిళంలో "పాంబు కడిచ్చిడుచ్చు" (పాము కరిచింది) అని చెప్పండి. విరుగుడు ఇంజెక్షన్ లేని క్లినిక్కుకు వెళ్తే ఉన్న సమయమంతా అక్కడే పోతుంది. సెంట్రల్ దగ్గరి రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రి, స్టాన్లీ, ఊరి దక్షిణాన చెంగల్పట్టు మెడికల్ కాలేజీ లాంటి పెద్ద సర్కారు ఆస్పత్రులకే పోవాలి. కరిచిన టైము, వాపు అంచు, చూపులో తేడా కాగితం మీద రాసుకోండి. వాపు అంచున పెన్నుతో గీత గీసి టైము వేస్తే డాక్టరుకు ఎంతో పనికొస్తుంది.

కట్లపాము సంగతి వేరు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి మొదలైతే గ్యాస్ అనుకుని మాత్ర వేసి పడుకోబెడతారు. రెప్పలు వాలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం కష్టమైనా ఇక ఆలస్యం చేయొద్దు. అలాంటి మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితే వాంతి గొంతులోకి పోదు. ఊపిరి ఆగితే 5-6 సెకన్లకొకసారి నోటితో ఊదండి. నాడి కూడా అందకపోతే రొమ్ము మధ్యలో 5-6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100-120 చొప్పున నొక్కుతూ, ప్రతి 30 నొక్కులకు 2 సార్లు ఊదండి. కళ్ళు తెరవలేక శవంలా పడి ఉన్నా అతనికి అన్నీ వినిపిస్తూ ఉండవచ్చు. పక్కన ఏడుపులు వద్దు.

ఆస్పత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచినప్పుడు గడ్డకట్టకుండా ఇంకా నీళ్ళలా కారితే పింజర విషం పనిచేస్తున్నట్టే. విరుగుడు సాధారణంగా 8-10 వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలుపెడతారు. పిల్లలకూ అదే మోతాదు, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి సైజును బట్టి మారదు. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేస్తుంది. దాని తయారీకి కావాల్సిన విషంలో పెద్ద వాటా మహాబలిపురం దారిలోని వడనెమ్మేలిలో, 1978లో పెట్టిన ఇరుళర్ల (పాములు పట్టే గిరిజనుల) సహకార సంఘం నుంచే వెళ్తుంది.

లక్షణాలేవీ కనిపించకపోయినా 24 గంటలు వార్డులోనే ఉంచుతారు. మధ్యలో సంతకం పెట్టి తీసుకొచ్చేయకండి.